సైకిలు దారిలో రెండువేల ఏండ్లు
(కరీంనగరు నుంచి ధర్మపురి మీదుగా కోటిలింగాల వరకు)

స్వీడన్ దేశంలో గోటా కాలువ అని ఒకటి ఉన్నది. 1810లో త్రవ్వనారంభించి 1832లో ముగించారు. దాని పొడవు 190 కిలోమీటర్లు. సుమారు యాభై ఎనిమిది వేలమంది సైనికులు పారలూ గునపాలూ పట్టి దానికి పనిచేశారు. మరపడవలు లేని ఆ రోజులలో పడవలను ఎడ్లు లాగేవి. అందుకై కాలువ గట్టున చదునైన బాట వేశారు. తరువాత ఎడ్లు పోయినవి, బాట మిగిలినది. నేడు వేసవి సెలవులలో కుటుంబాలకు కుటుంబాలు సైకిళ్లెక్కి ఆ ఎడ్లబాట మీద సాగిపోతాయి. లాకుల వద్ద దిగి పడవలు మెట్టుమెట్టుగా పైకెక్కుట చూచి, దారిలోని పల్లెలో చిరుతిండి తిని, ఏ పాత చర్చి నీడనో సేదదీరి ముందుకు పోతాయి. ఆ దేశపు పడమటి తీరం వెంబడి 2015లో కట్టెగాట్ దారి అనే మరొక సైకిలు బాటను దాదాపు 390 కిలోమీటర్ల మేర తెరచారు. ఎక్కడ ఏమి చూడవలెనో, ఎక్కడ ఆగవలెనో దారి పొడవునా పలకలు చెబుతుంటాయి.

ఇది వినగానే మన ఇండ్లలో పుట్టే ప్రశ్న ఒకటే: మనకు అటువంటి దారి లేదా? పలకలు నాటి, గీతలు గీసిన దారి లేదు. కాని ఆగి చూడదగిన తావులు వరుసగా ఒకదాని వెనుక ఒకటి ఉన్న దారి ఉన్నది. కరీంనగరులో బయలుదేరి గంగాధర, కొండగట్టు, జగిత్యాల మీదుగా ధర్మపురికి చేరి, అక్కడినుంచి గోదావరి వెంట కోటిలింగాలకు దిగేది ఆ దారి. సైకిలు తొక్కగలవారికి రెండు రోజుల పని. మూడు రోజులు పెట్టుకొంటే ఇంకను మేలు. బస్సులో పోయేవారు ధర్మపురిలో కన్ను తెరుస్తారు, దర్శనం చేసుకొని మరల కన్ను మూస్తారు. నడచి పోయేవారికి ఓపిక చాలదు. పల్లెటూరి పంతులును, తపాలా జవానును ఏండ్ల తరబడి మోసిన సైకిలే ఈ పనికి తగిన వాహనం. ఒక హెచ్చరిక మాత్రం చెప్పవలసి ఉన్నది. ఈ మార్గంలో పెద్ద భాగం ఇప్పుడు జాతీయ రహదారి. లారీల రద్దీ ఎక్కువ. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరకముందే ఊరు చేరుకొనుట మంచిది. మార్గశిరం మొదలు ఫాల్గుణం వరకు అనువైన కాలం.

కరీంనగరు విడిచి జగిత్యాల దారి పట్టినవారు గంగాధర ప్రాంతంలో కురిక్యాల వద్ద మొదట ఆగవలెను. ఊరికి చేరువలో బొమ్మలగుట్ట అని ఒక రాతిగుట్ట ఉన్నది. బొమ్మలమ్మగుట్ట అని కూడా అంటారు. రాతి మీద జైన తీర్థంకరుల మూర్తులు, చక్రేశ్వరీదేవి మూర్తి చెక్కి ఉన్నవి. వాటి క్రింద ఒక శాసనం. చూపులకు అది పెద్దదేమీ కాదు, మొత్తం పదకొండు పంక్తులు. కాని ఆ పదకొండు పంక్తులలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నవి. తెలుగు భాగంలో ఉన్నవి కందపద్యాలు. కాలం పదవ శతాబ్దపు నడిమి భాగం. అంటే నన్నయ భట్టారకుడు రాజమహేంద్రవరంలో భారతం చేపట్టుటకు సుమారు నూరేండ్లు ముందే ఈ గుట్ట మీద తెలుగు కందం నడక నేర్చి నిలబడినది. తెలుగు పద్యశాసనాలు అంతకు ముందును లేకపోలేదు. అద్దంకిలోని పండరంగని శాసనంలో తరువోజ ఉన్నది, అది 848 నాటిది. కాని కందమనే ఛందస్సులో మనకు లభించినవాటిలో ఇవే తొలివాటిగా ఎన్నదగినవి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా లభించిన సందర్భంలో ఈ గుట్ట పేరు పండితుల నోట పలుమార్లు వినబడినది.

శాసనం వేయించినవాడు జినవల్లభుడు. అతడు కన్నడ దేశంవారు ఆదికవిగా కొలిచే పంపకవికి తమ్ముడు. వారి పూర్వులది వేంగినాటి వంగిపర్రు. అన్నగారు వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడంలో విక్రమార్జున విజయం రచించాడు. తమ్ముడు ఆ అన్నగారి కీర్తిని మూడు భాషలలో రాతికెక్కించాడు. ఇక్కడ త్రిభువనతిలకమనే బసదిని కట్టించాననీ, కవితాగుణార్ణవమనే చెరువు త్రవ్వించాననీ, మదనవిలాసమనే తోట వేయించాననీ చెప్పుకొన్నాడు. కవితాగుణార్ణవుడు పంపని బిరుదు. చెరువుకు అన్న బిరుదు పెట్టుట చూచినప్పుడు, వేయేండ్లు దాటిన ఆ అన్నదమ్ముల ప్రేమ మనకు ఇంటిమనుషుల సంగతివలెనే తోస్తుంది. కన్నడ ఆదికవి తెలుగునేల మీద కావ్యం చెప్పుట, అతని తమ్ముడు అదే నేలపై తెలుగు పద్యం చెప్పించుట ఆ రోజులలో ఎవరికీ వింతగా తోచి ఉండదు.

ఆ కావ్యానికి బహుమానంగా అరికేసరి పంపకవికి ధర్మపురమనే అగ్రహారం ఇచ్చాడు. ఆ ధర్మపురం మన గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురియే అని చరిత్రకారులు తలచుచున్నారు. అందుచేత కురిక్యాల గుట్టను ముందుగా చూచి ధర్మపురికి పోయేవారికి ఒక లాభం ఉన్నది. ధర్మపురి వారికి పుణ్యక్షేత్రంగానే కాక, ఒక కవి జీతపుటూరుగా కూడా కనబడుతుంది.

ఈ ప్రాంతపు గుట్టలు మంచి నల్లసేనపు రాతి గుట్టలు. కరీంనగరు గ్రానైటు సముద్రాలు దాటిపోవుచున్నది. దారికి ఇరుప్రక్కల సగం కోసిన గుట్టలు, నిలువునా తరిగిన రాతిగోడలు సైకిలు మీదివారికి కానవస్తాయి. బొమ్మలగుట్ట ఆ రంపపు కోతకు బలికాక నిలిచినది. చుట్టుప్రక్కల గుట్టలను చూచినవారికి ఇది ఎంత సన్నని అదృష్టమో తెలుస్తుంది.

ముందుకు పోగా కొండగట్టు. ఆంజనేయస్వామి కోవెల, చైత్రమాసంలో హనుమజ్జయంతికి దీక్షాపరుల సందడి, గుట్ట మీది కోతులు శ్రోతలందరూ ఎరిగినవే. ఘాటు దారిలో దిగునప్పుడు బ్రేకుల మీద చేయి ఉంచవలెను. 2018 సెప్టెంబరు 11న ఈ దారిలోనే ఒక బస్సు లోయలో పడి అరవైమందికి పైగా మరణించారు. ఆ చుట్టుప్రక్కల పల్లెలలో ఆ రోజు మరువని ఇండ్లు నేటికీ ఉన్నవి.

గంగాధర, మల్యాల, జగిత్యాల ప్రాంతాల గుండా కాకతీయ కాలువ సాగిపోతుంది. 1963 జూలై 26న పోచంపాడు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి బయలుదేరి 284 కిలోమీటర్లు పారే కాలువ ఇది. పొడవులో గోటా కాలువకు ఒకటిన్నర రెట్లు. ఆ కాలువ పడవలకై త్రవ్వినది, ఈ కాలువ వరిమడికై త్రవ్వినది. నీరు వదిలిన రోజులలో దీని గట్టు మీద సాయంకాలం కాసేపు నిలబడి చూడవలెను. ఒక ప్రక్క కనుచూపు మేర పచ్చదనం, మరియొక ప్రక్క నీరందని మెట్ట. నీటికి హద్దు ఎక్కడో పటం అక్కరలేకుండా తెలుస్తుంది. గట్టున సైకిలు సాఫీగా పోవునని మాత్రం ఆశ పెట్టుకొనరాదు. తుమ్మముళ్లు దిగబడును. పంక్చరు సామాను దగ్గర ఉంచుకొనుట అవసరం.

జగిత్యాలలో కోట ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దపు నడుమ, నిర్మల కేంద్రంగా అధికారం చెలాయించిన ఇబ్రహీంఖాను ధంసా కాలంలో ఐరోపా ఇంజనీర్ల చేత కట్టించినది. మనకు పరిచయమైన కోటలవలె ఇది గుట్ట మీద లేదు. బల్లపరుపు నేల మీద, చుట్టూ కందకంతో, నక్షత్రం ఆకారంలో ఉన్నది. ఈ ఆకారం అందానికై పెట్టినది కాదు. గుండ్రని బురుజు ఉంటే దాని మొదట కోటలోనివారి తుపాకికి అందని మూల ఒకటి ఏర్పడుతుంది. శత్రువు అక్కడ నక్కి గోడను త్రవ్వగలడు. బురుజును మొనదేలిన కోణంగా కట్టితే ప్రతి బురుజు పాదాన్నీ ప్రక్క బురుజు కాపాడుతుంది. ఫిరంగులు వచ్చిన తరువాత ఐరోపా నేర్చుకొన్న ఈ లెక్క గోదావరి సీమకు వచ్చి రాతిలో నిలిచినది. ఆ ఇంజనీర్లు జాక్, టాల్ అనేవారనీ, వారి పేర్లు కలిసి జగిత్యాల అయినదనీ ఊరిలో ఒక కథ ఉన్నది. వినుటకు సరదాగా ఉన్నది గాని మాకు నమ్మకం కుదరదు. ఊరికి కొద్ది దూరంలోనే పొలాస ఉన్నది. కాకతీయుల తొలి రోజులలో దీనికే పొలవాస అని పేరు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనంలో ఈ పేరు వస్తుంది. ఆ పొలవాసను ఏలినవారిలో జగ్గదేవుడనే వాడు ఉన్నాడు. జగిత్యాల పేరును అతనితో ముడిపెట్టుటయే సమంజసం.

పొలాసలో నేడు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నది. రుద్రదేవుడు జయించిన రాజధాని తావున వరివంగడాలు పెరుగుచున్నవి.

జగిత్యాల నుంచి ముప్పది కిలోమీటర్లకు లోపే ధర్మపురి. నాసికం దగ్గర త్ర్యంబకంలో పుట్టి తూర్పు ముఖంగా 1,465 కిలోమీటర్లు పోయే గోదావరి ఇక్కడ కొంతమేర దక్షిణానికి తిరుగుతుంది. దక్షిణవాహిని అయిన చోట స్నానం విశేషమని మనవారి నమ్మకం. స్థలపురాణం ధర్మవర్మ అనే రాజు తపస్సును, ఆయన పేరిట ఊరు వెలసిన తీరును చెబుతుంది. యోగానంద నరసింహస్వామి, రామలింగేశ్వరుడు ఒకే ఊరిలో చేరువ చేరువగా వెలసి ఉండుటవల్ల దీనిని హరిహరక్షేత్రమని అంటారు. గుడి ప్రాంగణంలో యమధర్మరాజుకు కోవెల ఉన్నది. ఇది మన దేశంలో అరుదు. ధర్మపురికి వచ్చినవానికి యమపురి లేదని నానుడి. ఆ నానుడికి తగినట్లు యమునికి భయపడుతూ కాక, ఇంటిపెద్దను పలుకరించినట్లు వచ్చి గండదీపంలో నూనె పోసి పోయే ముసలమ్మలను ఇక్కడ చూడవచ్చును. ఏటిలో బ్రహ్మగుండం, సత్యవతీగుండం, యమగుండం అని పేర్లు పెట్టుకొన్న మడుగులు ఉన్నవి. ఈ పేర్లు నేర్చుకొనవలెనంటే గట్టున కూర్చున్న ఏ తాతగారినైనా అడుగుటయే ఉత్తమం. ఆయన పేరుతోపాటు కథను కూడా చెబుతాడు.

ఫాల్గుణంలో స్వామివారి బ్రహ్మోత్సవాలు. అప్పుడు బ్రహ్మపుష్కరిణి అనే కోనేటిలో తెప్పోత్సవం, డోలోత్సవం జరుగుతాయి. కోనేటి మెట్లన్నీ జనంతో నిండుతాయి. ఆ రోజులలో సైకిలు నిలుపుకొనుటకు చోటు దొరకదు గాని, చూడవలసిన వేడుక మాత్రం అదే. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు వచ్చే గోదావరి పుష్కరాలు 2015లో జూలై 14 నుంచి 25 వరకు జరిగినవి. తరువాతివి లెక్క ప్రకారం 2027లో రావలెను.

ఈ ఊరు ఇంకొక కవిని కూడా కన్నది. రెండు శతాబ్దాల కిందట ఇక్కడ జీవించిన శేషప్ప నరసింహ శతకం చెప్పాడు. నృకేసరీ శతకం, ధర్మపురి రామాయణమనే యక్షగానం కూడా ఆయనవే. రాజాస్థానం లేదు, అగ్రహారం లేదు. పంపనికి ఊరే దక్కినది, శేషప్పకు ఊరిలోని స్వామి మాత్రమే దక్కాడు. అయినా ఈ ఇద్దరిలో తెలుగు పిల్లలు వీధిబడులలో కంఠస్థం చేసినది శేషప్పనే. ప్రతి పద్యం చివర తన ఊరి పేరు వచ్చేటట్లు మకుటం పెట్టినందువల్ల ధర్మపురిని ఎన్నడూ చూడని తెలుగువారు కూడా ఆ పేరును నోట పలికారు. ఒక ఊరికి ఒక కవి ఇంతకంటె ఏమి చేయగలడు!

ఎగువన ఆనకట్ట వెలసిన తరువాత వేసవిలో ఇక్కడ ఏరు సన్నబడుతుంది. ఇసుక తిన్నెల నడుమ నీటిపాయను వెదకుకొని స్నానం చేయవలసిన రోజులు ఉన్నవి. వానకాలంలో గేట్లు ఎత్తినప్పుడు మాత్రం గోదావరి తన పాత రూపాన్ని చూపుతుంది.

ధర్మపురి దాటి పోతే రాయపట్నం. ఇక్కడి వంతెన కరీంనగరు, ఆదిలాబాదు సీమలను కలిపేది. 2016లో జిల్లాలను విభజించిన తరువాత దీనికి ఇవతల జగిత్యాల జిల్లా, అవతల మంచిర్యాల జిల్లా. వంతెన నడిమిన సైకిలు ఆపి నాలుగు నిమిషాలు నీటివంక చూడండి. ఆవలి ఒడ్డున గూడెం గుట్ట మీద సత్యనారాయణస్వామి కోవెల ఉన్నది. తెలంగాణ అన్నవరమని దానికి పేరు. ఓపిక ఉన్నవారు వెళ్లి రావచ్చును. మన దారి మాత్రం ఇవతలి ఒడ్డునే వెల్గటూరు వైపు సాగి, పెద్దవాగు గోదావరిలో కలిసే చోటికి, అనగా కోటిలింగాలకు దిగుతుంది.

మునులు శివలింగాలు ప్రతిష్ఠించిన చోటని ఊరివారు చెప్పే కథ. కోటేశ్వరస్వామి గుడి ఉన్నది. గుడి చూచి వెనుదిరిగేవారే ఎక్కువ. కాని ఊరి ప్రక్కన పొలాల మధ్య మట్టికట్టలు కొన్ని ఎత్తుగా పోయి ఉంటాయి. అవి చెరువు కట్టలు కావు, ఒక నగరపు కోటగోడలు.

వానలకు కడుగబడిన ఈ నేల మీద చిన్నచిన్న నాణేలు కనబడుతుండేవి. వాటి విలువ గుర్తించి ఏరి భద్రపరచినవారు సంగనభట్ల నరహరిశర్మ, ఠాకూరు రాజారాంసింగు వంటి స్థానిక పరిశోధకులు. శాసనశాస్త్రవేత్త పి. వి. పరబ్రహ్మశాస్త్రి ఆ నాణేల మీది బ్రాహ్మీలిపిని చదివి లోకానికి తెలిపారు. 1979 మొదలు కొన్ని సంవత్సరాలు వి. వి. కృష్ణశాస్త్రి నాయకత్వంలో పురావస్తుశాఖ త్రవ్వకాలు జరిపినది. ఇటుక కట్టడాలు, మట్టిపాత్రలు, పూసలు, నాణేలు బయటపడినవి.

ఈ నాణేలు ఏమి చెప్పినవో కొంచెం నిదానంగా వినవలెను. పురాణాలు శాతవాహన వంశానికి మూలపురుషుని సిముకుడు, శిశుకుడు అని పలువిధాల పేర్కొన్నవి. ఇతడు పురాణాలలో తప్ప నిజంగా ఉన్నాడా అని సందేహించినవారు ఉన్నారు. నానేఘాటు గుహలో అతని ప్రతిమకు గుర్తుగా పేరు మాత్రం ఉన్నది. కోటిలింగాలలో చిముక శాతవాహనుని పేరుతో నాణెమే దొరకినది. పేరు చెక్కిన నాణెం ముద్రించినవాడు కల్పిత పురుషుడు కాలేడు. అంతేకాదు, అతనికి ముందే ఇక్కడ నాణేలు ముద్రించిన రాజులు గోబదుడు, నారనుడు, కంవాయసిరి, సమగోపుడు. ఈ పేర్లు ఏ పురాణంలోనూ లేవు, ఏ కావ్యంలోనూ లేవు. గోదావరి ఒడ్డు మట్టి వారిని రెండువేల ఏండ్లకు పైగా దాచి మనకు అప్పగించినది. అంటే శాతవాహనులు రాకమునుపే ఇక్కడ రాజ్యం ఉన్నది, టంకసాల ఉన్నది, అంగడి ఉన్నది.

కోటిలింగాలయే శాతవాహనుల తొలి రాజధాని అని కొందరు, కాదు ప్రతిష్ఠానమే అని కొందరు వాదించుచున్నారు. సిముకుని కాలం గూర్చికూడ ఏకాభిప్రాయం లేదు. రాజధాని అవునా కాదా అనేదానికంటె, ఇంత పాత నగరం వేరొకటి తెలంగాణలో గోదావరి ఒడ్డున ఇంత స్పష్టంగా కనబడలేదనే మాట ముఖ్యమని మా అభిప్రాయం. పెద్దపల్లి వైపున పెద్దబంకూరులో వేలకొద్దీ నాణేలు దొరకినవి. ధూళికట్టలో బౌద్ధస్తూపం బయటపడినది. ఇవన్నీ ఒకే గొలుసు లింకులు. కరీంనగరులో 2008లో వెలసిన విశ్వవిద్యాలయానికి శాతవాహనుల పేరు పెట్టుట ఈ మట్టి ఇచ్చిన ధైర్యంతోనే.

ఇక ఇప్పటి సంగతి. కోటిలింగాలకు దిగువన ఎల్లంపల్లి వద్ద గోదావరి మీద ఆనకట్ట కట్టారు. మాజీ శాసనసభాపతి శ్రీపాదరావు పేరు దానికి పెట్టారు. నిండితే ఇరువది టి.ఎం.సి.లు, అనగా రెండువేల కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుస్తుంది. ఆ నీరు వెనుకకు వ్యాపించి చేగ్యాం వంటి పల్లెలను ఖాళీ చేయించినది. కోటిలింగాల ఒడ్డును కూడా తాకుతుంది. త్రవ్వని నేలలో కొంత నీటి పాలైనది. నీటి అంచు పెరిగి తగ్గునప్పుడెల్లా మట్టికట్ట కొంచెం కొంచెంగా కరుగుతుంది. మిగిలిన నేల మీద నాగలి నడుస్తుంది.

నీటిని తిట్టుట సులభం. కాని 2015 చివరనుంచి హైదరాబాదు నగరానికి త్రాగునీరు పోవునది ఈ ఎల్లంపల్లి జలాశయం నుంచే. వంద మైళ్లకు పైగా గొట్టాలలో పయనించి, రేడియో ప్రక్కన బల్ల మీద ఉన్న గ్లాసులోకి వచ్చే నీరు శాతవాహనుల కోటగోడను తాకి వచ్చిన నీరే. ఆ గ్లాసును కాదనగలవారు ఎవరు? అయితే గోటా కాలువ వంటి చోట లాకుకు ఒక పలక, వంతెనకు ఒక పలక నాటుతారు. ఇక్కడ, ఈ మట్టికట్ట ఏమిటో చెప్పే మనిషి కోసం వెదకవలసి వస్తుంది. నీరు అందని భాగాన్నయినా కొలిచి, హద్దురాళ్లు వేసి, త్రవ్వకం మరల సాగించుటకు ఆనకట్ట అడ్డం కాదు. జలాశయంలో నీరు తగ్గిన వేసవి నెలలే ఆ పనికి తగిన అదను.

కోటిలింగాల నుంచి తిరిగి వచ్చేవారు అదే దారిన రానక్కరలేదు. ధర్మారం మీదుగా కరీంనగరు చేరుకొనవచ్చును. అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో ఈ సీమ త్రవ్వకాలలో దొరకిన వస్తువులు కొన్ని ఉంచారు. నాణేలు చూడగోరేవారు భూతద్దం వెంట తీసుకొని పోవలెను. వ్రేలిగోరంత నాణెం మీద బ్రాహ్మీ అక్షరాలు అద్దం లేనిదే కంటికి ఆనవు.